రిటైర్మెంటుకు ఏది మేలు: భోగాపురం ప్లాటా, షేర్లా, సొంతంగా నడుపుకునే ఫండా?

గంటస్తంభం (విజయనగరం)
ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే ఎక్కువ, రాసింది తక్కువ. నాకు 47 ఏళ్లు. పైడిభీమవరం దగ్గర ఒక కంపెనీలో అకౌంట్సు చూస్తాను. 2004లో చేరాను, 58కి పదవీ విరమణ. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు, ఆమెకు పీఎఫ్ లేదు. అమ్మాయి ఇంజినీరింగ్ రెండో సంవత్సరం, అబ్బాయి పదో తరగతి. సొంత ఇల్లుంది, అప్పు తీరిపోయింది. పీఎఫ్‌లో 14 లక్షలున్నాయి.

ఈ మధ్య అమ్మగారి వైపు ఆస్తి అమ్మితే మా వాటాకు 18 లక్షలు వచ్చాయి. దాని మీదే ఇప్పుడు ఇంట్లో పంచాయితీ. తెలిసిన బ్రోకరు భోగాపురం వైపు, లోగడ కొన్న ఒకాయన అమ్ముతున్న 200 గజాల ప్లాటు చూపించాడు. మా పెదనాన్న కొడుకు షేర్లు కొనమంటున్నాడు. మెల్‌బోర్న్‌లో ఉన్న బావమరిది ఫోను చేసినప్పుడల్లా "ఇక్కడ మా పెన్షన్ ఫండు మేమే నడుపుకుంటాం, మీరూ అలా పెట్టుకోండి" అంటాడు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టాలి, 58 తర్వాత పిల్లల ముందు చెయ్యి చాచకూడదు. ఈ రెండూ కుదిరే దారి చెప్పండి.


కోట జంక్షన్ (విజయనగరం)
ఆదివారం, రాత్రి 9:40

ఇందులో ఆలోచించేదేముంది? భూమి కొనండి. దాన్ని ఎవరూ ఎత్తుకుపోరు, కంపెనీలా దివాలా తీయదు. రింగురోడ్డు పక్కన మా నాన్నగారు వేలల్లో కొన్న స్థలం ఈరోజు లక్షల్లో ఉంది. విమానాశ్రయం వస్తోంది, అటు మూలపేట పోర్టు వస్తోంది. హైవేకి రెండు వైపులా ఇంకో పదేళ్లలో ఖాళీ జాగా కనబడదు. షేర్లంటారా, 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ షేరు ఒక్క రోజులో ఎలా కుప్పకూలిందో తెలుగువాళ్లకు చెప్పాలా?


లెక్కల మాస్టారు (శ్రీకాకుళం)
సోమవారం, ఉదయం 6:05

గంటస్తంభం బాబూ, ఏది కొనాలన్న ప్రశ్న తర్వాత. ముందు రెండు అంకెలు చెప్పు. ఈరోజు ఇల్లు గడవడానికి నెలకు ఎంతవుతోంది? అందులో పిల్లల చదువు తీసేస్తే ఎంత మిగులుతుంది? నీ బేసిక్ ఎంతో కూడా రాయి.

కోట జంక్షన్ గారూ, మీ నాన్నగారి స్థలం లక్షల్లో ఉందన్నారు, సంతోషం. దాని నుంచి ఈ నెల ఇంట్లోకి ఎంత వచ్చింది?


గంటస్తంభం
సోమవారం, మధ్యాహ్నం 1:20

మాస్టారూ, మొత్తం 40 వేల దాకా అవుతోంది. చదువులు తీసేస్తే 25 వేలు. బేసిక్ 30 వేలు.


లెక్కల మాస్టారు
సోమవారం, సాయంత్రం 5:48

సరే. పెన్సిల్ తీసుకో.

ధరలు ఏడాదికి 6 శాతం పెరుగుతాయనుకుందాం. ఇప్పటి 25 వేలు పదకొండేళ్లకు 47 వేలు దాటుతుంది. నువ్వు 58లో బతకాల్సింది ఆ లెక్కన.

ఇక రాబడి. పీఎఫ్‌లో నీ 14 లక్షలు ఇప్పటి 8.25 శాతం వడ్డీకి పదకొండేళ్లలో 33 లక్షల పైమాటే. నీ జీతంలోంచి 12 శాతం, అంటే నెలకు 3,600 పోతుంది. కంపెనీ కూడా అంతే వేస్తుంది కానీ అందులో 1,250 పెన్షన్ పథకానికి (ఈపీఎస్) మళ్లుతుంది. మిగిలింది కలిపితే ఇంకో 12 లక్షలు. జీతం పెరగదనుకున్నా చేతికి 45 లక్షలు వస్తాయి.

ఈపీఎస్ పెన్షన్ మీద మాత్రం ఆశ పెట్టుకోకు. అర్హత జీతానికి 15 వేల పరిమితి ఉంది. దాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగిస్తారు. 2014 సెప్టెంబరుకు ముందు సర్వీసుకు 6,500 పరిమితే వర్తిస్తుంది. నీకు 6 వేల చుట్టుపక్కల వస్తుంది, కరువు భత్యం (డీఏ) ఉండదు. నాలాంటి పాత పెన్షన్ వాళ్లకు డీఏ పెరిగినప్పుడల్లా పెరుగుతుంది, నీకు చనిపోయేదాకా అదే అంకె.

45 లక్షల్లో 30 లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలో వేస్తే ఇప్పటి 8.2 శాతానికి మూడు నెలలకోసారి 61,500 వస్తుంది, నెలకు 20,500. అరవై నిండకపోయినా, 55 దాటి రిటైరైనవాళ్లు డబ్బు అందిన మూడు నెలల్లోపు చేరవచ్చు. మిగతా 15 లక్షలు దంపతుల పేర మంత్లీ ఇన్‌కమ్ పథకంలో వేస్తే 7.4 శాతానికి నెలకు 9,250. ఈపీఎస్ కలిపితే మొత్తం సుమారు 35,700.

కావలసింది 47 వేలు. మొదటి నెలలోనే 12 వేలు తక్కువ. పైగా ఈ వడ్డీలు నిలబడిన చోటే నిలబడతాయి, బియ్యం ధర నిలబడదు. పన్నెండేళ్లకు ఖర్చు రెట్టింపవుతుంది. అంటే ఆ 18 లక్షలు చేయాల్సిన పని రెండు రకాలు: పదకొండేళ్లు పెరగాలి, ఆ తర్వాత నెలనెలా కొద్దికొద్దిగా చేతికి రావాలి. ఈ రెండో పని ప్లాటు చేయగలదా అన్నదే నేను అడిగే ప్రశ్న.


కోట జంక్షన్
సోమవారం, రాత్రి 8:15

చేయగలదు మాస్టారూ. 58లో అమ్మేస్తే చేతిలో కోటి రూపాయలు.


లెక్కల మాస్టారు
సోమవారం, రాత్రి 8:31

కొనేవాడు ఆ నెలలోనే దొరికితే. ఆసుపత్రి బిల్లుకు రెండు లక్షలు కావాలంటే ఇరవై గజాలు కోసి ఇవ్వలేం కదా. తొందరలో ఉన్నామని తెలిస్తే బేరం ఎక్కడ మొదలవుతుందో మీకు నాకంటే బాగా తెలుసు.


దస్తావేజు (విజయనగరం)
సోమవారం, రాత్రి 10:02

నేను దస్తావేజులు రాసే రైటర్ని. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర కూర్చునేవాణ్ని కాబట్టి నా మాట కూడా వినండి. భూమి కొనవద్దని నేను చెప్పను, నా పొట్ట దాని మీదే. కానీ ఏం కొంటున్నారో చూసి కొనండి.

మొదటిది, ఖర్చు. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి నూటికి ఏడున్నర. 18 లక్షల మీద 1,35,000. నా ఫీజు, బ్రోకరు కమిషన్ వేరు. కాబట్టి 18 లక్షలు చేతిలో ఉంటే 18 లక్షల ప్లాటు రాదు.

రెండోది, కాగితాలు. బ్రోకరు కారు ఎక్కించుకుని తీసుకెళ్తాడు. సిమెంటు ఆర్చి, రంగు వేసిన రాళ్లు, నడుమ ఎర్ర గ్రావెల్ రోడ్డు, నాలుగు కొబ్బరి మొక్కలు. చూడటానికి బ్రహ్మాండంగా ఉంటుంది. ఆ రాయి మీద ఎల్‌పీ నంబరు, అంటే లేఅవుట్ అనుమతి నంబరు ఉందా? 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్ అయితే రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు కూడా ఉండాలి. నంబరు ఉందనగానే సరిపోదు, ఆ నంబరు ఇచ్చిన సంస్థ వెబ్‌సైటులో అదే నంబరుకు అదే సర్వే నంబరు ఉందో లేదో చూడాలి. పక్క లేఅవుట్ నంబరును తన బ్రోషరు మీద వేసుకునేవాళ్లున్నారు. అనుమతి వచ్చిన లేఅవుట్‌లోనూ రోడ్లు, కాలువల పని పూర్తయ్యేదాకా కొన్ని ప్లాట్లు పట్టణాభివృద్ధి సంస్థకు తనఖాలో ఉంటాయి. మీకు చూపించిన ప్లాటు ఆ జాబితాలో ఉందేమో అడగండి. అడిగితే బ్రోకరు ముఖం ఎలా మారుతుందో కూడా గమనించండి.

సర్వే నంబరు దొరికాక 22-ఏ జాబితా, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా చూడాలి. ప్రభుత్వ భూమి, దేవాదాయ భూమి, చెరువు గర్భం, డి-పట్టా (పేదలకు ప్రభుత్వం ఇచ్చిన భూమి) అన్నీ అక్కడే బయటపడతాయి. డి-పట్టా భూమి కొనుగోలు 1977 చట్టం ప్రకారం మామూలుగా చెల్లదు. చేతులు మారినంత మాత్రాన చెల్లుబాటు కాదు. ఈసీ (ఆ భూమి మీద జరిగిన లావాదేవీల పత్రం) కనీసం ముప్ఫై ఏళ్లకు తీయించండి. లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు) అసలైనవి చూడండి, జెరాక్సులు కాదు. సీతంపేట వైపు ఎవరైనా చవగ్గా చెబితే అసలు వినకండి, గిరిజన భూములను కాపాడే 1/70 నిబంధన ఉన్న ఏజెన్సీలో గిరిజనేతరులు కొనడానికి వీల్లేదు.


ఉద్దానం కొబ్బరి (కవిటి)
మంగళవారం, ఉదయం 7:30

కోట జంక్షన్ అన్నయ్యా, భూమిని ఎవరూ ఎత్తుకుపోరన్నారు. నిజమే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా భూమిని ఎత్తుకుపోలేదు. దాని మీదున్న చెట్లను పడగొట్టింది.

మా నాన్నగారికి ఉద్యోగం లేదు, పెన్షన్ లేదు. తోటే పెన్షన్ అనుకున్నారు. కాయ దింపు డబ్బుతో ఇల్లు గడిచేది, జీడిపప్పు డబ్బు పెళ్లిళ్లకూ మందులకూ. ఉద్దానంలో సగం ఇళ్ల ఏర్పాటు అదే. ఒక్క రాత్రిలో రెండూ పోయాయి. నష్టపరిహారం వచ్చింది, కాదనను. కానీ కొత్తగా నాటిన కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఐదారేళ్లు, పూర్తి కాపుకు ఇంకా ఎక్కువ. అరవై దాటిన మనిషి ఆ ఏళ్లు ఏం తిని బతకాలి? నేను, మా తమ్ముడు పంపే డబ్బుతో గడిచింది. తమ్ముడు ఓడ మీద పనిచేస్తాడు కాబట్టి సరిపోయింది.

మా దగ్గర కిడ్నీ జబ్బుల సంగతి అందరికీ తెలుసు. డయాలసిస్ మొదలైన ఇంట్లో తోట ఎంత ధరకు అమ్ముడవుతుందో కొనేవాడే చెబుతాడు. కాబట్టి ఆస్తి ఎంతుందని కాదు, ఆస్తంతా ఒకే ఊళ్లో, ఒకే పంట మీద ఉందా అని చూసుకోండి. ఇల్లు విజయనగరంలో, ఉద్యోగం పైడిభీమవరంలో, ప్లాటు భోగాపురంలో. మూడూ ఒకే మూలన, ఒకదానికొకటి దగ్గరలోనే ఉన్నాయి.


యారా ఒడ్డున (మెల్‌బోర్న్, సొంతూరు బొబ్బిలి)
మంగళవారం, ఉదయం 10:14

బావమరిది మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను. ఆయన చెప్పే సెల్ఫ్ మేనేజ్డ్ సూపర్ ఫండు ఇక్కడ నిజంగానే ఉంది. మాది కూడా ఒకటుంది.

పద్ధతి ఇది. ఆస్ట్రేలియాలో యజమాని జీతానికి అదనంగా సూపర్ అనే పదవీ విరమణ ఖాతాలో డబ్బు వేయాలి. 2025 జులై నుంచి అది 12 శాతం. ఎక్కువమంది దాన్ని పెద్ద ఫండ్ల చేతికే వదిలేస్తారు. కావాలంటే సొంతంగా ఒక ట్రస్టు పెట్టుకుని డబ్బు అందులోకి మార్చుకోవచ్చు. సభ్యులు ఆరుగురు మించకూడదు, ఎక్కువగా భార్యాభర్తలే ఉంటారు. ఫండు లాభాల మీద 15 శాతం పన్ను, పెన్షన్ మొదలయ్యాక ఒక పరిమితి దాకా పన్ను ఉండదు. షేర్లు కొనొచ్చు, ఇల్లు కూడా కొనొచ్చు. బావమరిది ఇక్కడిదాకా చెప్పి ఉంటాడు.

చెప్పనిది ఏమిటంటే, సభ్యులందరూ ట్రస్టీలే. తప్పు జరిగితే జరిమానా మన మీదే. ఏటా స్వతంత్ర ఆడిటరు చేత ఆడిట్, పన్ను శాఖకు రిటర్ను, రాతపూర్వకమైన పెట్టుబడి ప్రణాళిక. ఈ ఖర్చు ఏటా వేల డాలర్లు, ఫండు చిన్నదైనా పెద్దదైనా దాదాపు అంతే. ఫండు కొన్న ఇంట్లో మనం ఉండకూడదు, మన చుట్టాలకు అద్దెకు ఇవ్వకూడదు, సెలవులకు వెళ్లి ఒక రాత్రి పడుకోకూడదు. అరవై ఏళ్ల దాకా డబ్బు ముట్టుకోవడానికి లేదు.

ఇంకొక ముఖ్యమైన సంగతి. పెన్షన్ మొదలుపెట్టాక ఏటా నిల్వలో కనీస శాతం బయటికి తీయాలి. 65 లోపు 4 శాతం, 65 నుంచి 74 దాకా 5, ఆ తర్వాత ఇంకా పెరుగుతుంది. ఫండులో ఒక్క ఇల్లే ఉండి, అద్దె అంత రాకపోతే? ఇక్కడ నాకు తెలిసిన ఒకాయన సరిగ్గా ఆ ఇబ్బందిలోనే ఇల్లు అమ్మాడు. మాస్టారు ఇరవై గజాలు కోయడం గురించి రాసింది చదివి ఆయనే గుర్తొచ్చాడు. దేశం మారినా చిక్కు అదే.


చీపురుపల్లి చెల్లి (చీపురుపల్లి)
మంగళవారం, రాత్రి 9:25

బ్యాంకులో పనిచేస్తాను. అయినా ఎవరికీ ఏమీ అమ్మడం లేదు, భయపడకండి.

యారా ఒడ్డున గారు చెప్పినలాంటి కుటుంబ పెన్షన్ ట్రస్టు మన దగ్గర లేదు. సొంతంగా నడుపుకోవాలన్న కోరిక ఉంటే దానికి దగ్గరగా ఉన్నది ఎన్‌పీఎస్ (జాతీయ పెన్షన్ పథకం). 2009 మే నుంచి ప్రైవేటు వాళ్లకూ తెరిచారు. ఫండు మేనేజర్ని మీరే ఎంచుకుంటారు, యాక్టివ్ ఛాయిస్ అనే పద్ధతిలో షేర్లకు ఎంత, బాండ్లకు ఎంత అన్నది కూడా మీరే నిర్ణయిస్తారు. నిర్వహణ ఖర్చు చాలా తక్కువ. ఇదివరకు అరవైలో నిల్వలో 40 శాతంతో తప్పనిసరిగా పెన్షన్ పాలసీ కొనాల్సి వచ్చేది, 2025 డిసెంబరులో ప్రభుత్వేతర చందాదారులకు దాన్ని 20 శాతానికి తగ్గించారు. డబ్బు మధ్యలో తీయడం కష్టం. కొంతమందికి అదే మంచిది, ఇంట్లో పెళ్లి అనగానే చెయ్యి అటు పోదు.

వదినగారికి పీఎఫ్ లేదన్నారు. ముందు ఆమె పేర పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండు) తెరవండి. 7.1 శాతం, వడ్డీ మీద పన్ను లేదు. నెలలో 5వ తేదీ లోపు వేయండి, ఆ తర్వాత వేస్తే ఆ నెల వడ్డీ రాదు. ఏటా 1,50,000 చొప్పున పదిహేనేళ్లు వేస్తే 40 లక్షల పైన అవుతుంది.

ఇక షేర్లు. కోట జంక్షన్ గారు సత్యం ఉదాహరణ ఇచ్చారు. నేనూ అదే ఉదాహరణ ఇస్తాను, ఒక్క కంపెనీ షేరులో బతుకంతా పెట్టవద్దని చెప్పడానికి. పెదనాన్నగారి అబ్బాయి చెప్పిన నాలుగు కంపెనీల పేర్లు కూడా పక్కన పెట్టండి. నిఫ్టీ 50 ఇండెక్సు ఫండు కొంటే యాభై కంపెనీలు ఒకేసారి వస్తాయి. ఒకటి మునిగితే దాన్ని తీసి ఇంకొకటి పెడతారు, మీరు నిద్రపోతున్నా. డైరెక్ట్ ప్లాన్ తీసుకోండి, ఏజెంటు కమిషన్ ఉండదు.

పడదా అంటే పడుతుంది, గట్టిగా పడుతుంది. 2008 జనవరిలో 21 వేలు తాకిన సెన్సెక్స్ 2009 మార్చికి 8 వేల స్థాయికి వచ్చింది. 2020 జనవరిలో 12 వేల పైన ఉన్న నిఫ్టీ మార్చి 23న 7,610 దగ్గర ముగిసింది. ఆ నెలలో మా శాఖకు వచ్చి అమ్మేసినవాళ్లున్నారు, నవంబరుకల్లా సూచీ పాత ఎత్తు దాటింది. కాబట్టి ఏడేళ్లలోపు అవసరమయ్యే డబ్బు ఇందులో పెట్టకూడదు. పదకొండేళ్లున్న డబ్బు పెట్టవచ్చు, అదీ ఒకేసారి కాకుండా లిక్విడ్ ఫండులో (తక్కువ కాలపు అప్పు పత్రాల్లో పెట్టే ఫండు) ఉంచి నెలనెలా కొంత మార్చుకుంటూ. ఏడాది దాటాక అమ్మితే 1,25,000 దాకా లాభానికి పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. కావలసినంతే అమ్ముకోవచ్చు, నెలకు 12 వేలైనా సరే. మాస్టారు చెప్పిన రెండో పని ఇది చేస్తుంది.


కోట జంక్షన్
మంగళవారం, రాత్రి 10:50

చెల్లెమ్మా, అంతా బాగానే రాశావు. కానీ ఫోనులో ప్రతిరోజూ ఎరుపు పచ్చ అంకెలు చూస్తూ ఈయన నిద్రపోతాడా? భూమి ధర ఎవరూ రోజూ చెప్పరు. అదే దాని సుఖం.


చీపురుపల్లి చెల్లి
మంగళవారం, రాత్రి 11:04

ఆ మాటకు నేను ఎదురు చెప్పను. కానీ ధర చూడకపోవడం ఇండెక్సు ఫండులో కూడా కుదురుతుంది, యాప్ తీసేస్తే చాలు.


పర్యవేక్షకుడు
బుధవారం, ఉదయం 8:00

రాత్రి ఒక కొత్త సభ్యుడు పెట్టిన వ్యాఖ్య తొలగించాం. "నెలకు 5 శాతం గ్యారంటీ", వాట్సాప్ గుంపు లింకు. నెలకు 5 శాతం అంటే ఏడాదికి 80 శాతం దాకా. అగ్రిగోల్డ్‌లో డబ్బు పోగొట్టుకున్న డిపాజిటర్లు ఎక్కువగా ఉన్న ప్రాంతంలో ఇంతకంటే చెప్పక్కర్లేదు. ఆ లింకు నొక్కినవాళ్లు వెంటనే గుంపులోంచి బయటికి రండి.


సావిత్రమ్మ (ఆమదాలవలస)
బుధవారం, ఉదయం 11:35

మీ అందరి లెక్కలూ మగవాళ్లు బతికి ఉంటారన్న లెక్కలు. ఆ లెక్క తప్పితే ఏమవుతుందో నేను రాస్తాను.

మావారు షేర్లు కొనేవారు, ఎల్ఐసీ ఉంది, మూడు బ్యాంకుల్లో డిపాజిట్లున్నాయి. ఆయన పోయాక నాకు దొరికింది బీరువాలో కాగితాల కట్ట. డీమ్యాట్‌కు నామినీ ఉంది, అది రెండు సంతకాలతో అయిపోయింది. ఒక డిపాజిట్‌కు నామినీ లేదు. వారసత్వ ధ్రువపత్రం, పిల్లల సమ్మతి, అఫిడవిట్లు అంటూ దానికే నెలలు పట్టింది. పాత కాగితపు షేర్లు కొన్ని ఉన్నాయి. ఏడేళ్లపాటు డివిడెండు తీసుకోకపోతే షేర్లు కేంద్ర ప్రభుత్వ నిధికి వెళ్లిపోతాయని అప్పుడే తెలిసింది. వాటి దరఖాస్తు ఇంకా నడుస్తోంది.

గంటస్తంభం బాబూ, ఏది కొన్నా మీ ఆవిడ చేత ఆ ఖాతా ఒకసారి తెరిపించి, ఆమె చేతే వంద రూపాయలు తీయించు. ఆమెకు రానిది కొనకు. ఇంకొకటి, కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా 58తో ఆగిపోతుంది. సొంత పాలసీ ఇప్పుడే తీసుకోండి. ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా ఆగమంటారు, ఆ మూడేళ్లు ఉద్యోగంలో ఉండగానే గడిచిపోతే మంచిది. వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ కూడా 2025 సెప్టెంబరులో తీసేశారు.


లెక్కల మాస్టారు
బుధవారం, సాయంత్రం 6:10

అమ్మా సావిత్రమ్మా, నేను వదిలేసిన లెక్క మీరు వేశారు.

ఇల్లు గురించి కూడా ఒక మాట. రిటైరైన నా స్నేహితుల్లో కొందరు బతికుండగానే ఇల్లు కొడుకు పేర గిఫ్టు డీడ్ రాసేశారు. పన్ను తగ్గుతుందనో, కోడలు బాగా చూస్తుందనో. తొందరపడవద్దు. వీలునామా రాయండి, అది పోయాకే అమలవుతుంది, కావాలంటే రేపు మార్చుకోవచ్చు. గిఫ్టు డీడ్ తప్పదంటే, నన్ను పోషించాలన్న షరతు దస్తావేజులోనే రాయించండి. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల సంక్షేమ చట్టం 23వ సెక్షన్ కింద, చూసుకోకపోతే ఆర్డీవో ట్రిబ్యునల్‌కు వెళ్లి దాన్ని రద్దు చేయించుకోవడానికి ఆ షరతే ఆధారం. అద్దె విషయానికొస్తే, మా వీధిలో 55 లక్షల ఇంటికి 11 వేలు వస్తోంది. ఏడాదికి రెండున్నర శాతం కూడా కాదు, అందులోనే సున్నం, మోటారు రిపేరు, ఇంటి పన్ను.


కోట జంక్షన్
బుధవారం, రాత్రి 9:00

సరే మాస్టారూ, అద్దె తక్కువని ఒప్పుకుంటాను. కానీ మీరంతా విమానాశ్రయాన్ని మరిచిపోతున్నారు.


దస్తావేజు
బుధవారం, రాత్రి 9:22

మరిచిపోలేదండీ. దాని శంకుస్థాపన 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మే 3న ఇంకోసారి జరిగింది. మొదటి శంకుస్థాపన రోజున పదేళ్ల అప్పు చేసి ప్లాటు కొన్నవాళ్లు వాయిదాలు కడుతూనే ఉన్నారు. ధర పెరగలేదని అనను, బాగా పెరిగింది. కానీ ఆ పెరుగుదల చాలావరకు ఇప్పుడు చెబుతున్న ధరలోనే కలిసిపోయింది. గంటస్తంభం గారికి చూపించిన ప్లాటును లోగడ కొన్నవాడే ఇప్పుడు అమ్ముతున్నాడు కదా. అతను ఎందుకు అమ్ముతున్నాడు?


కోట జంక్షన్
బుధవారం, రాత్రి 9:30

అమ్మాయి పెళ్లి ఉండి ఉంటుంది.


గంటస్తంభం
శుక్రవారం, రాత్రి 8:45

అందరికీ చేతులెత్తి నమస్కారం. మా ఆవిడ ఈ చర్చంతా చదివింది. సావిత్రమ్మగారి మాట చదివాక నిర్ణయం ఆమే చెప్పింది.

4 లక్షలు అమ్మాయి మిగతా చదువుకని ఎఫ్‌డీలో, మూడు ముక్కలుగా. 2 లక్షలు అత్యవసరాలకు. బ్యాంకు డిపాజిట్లకు 5 లక్షల దాకానే బీమా అని చెప్పి ఆమే రెండు బ్యాంకులు చేయించింది. ఆమె పేర పీపీఎఫ్ తెరిచి మొదటి వాయిదా 1,50,000 వేశాం. ఆరోగ్య బీమాకు దరఖాస్తు పెట్టాం. మిగిలిన పది లక్షల చిల్లర లిక్విడ్ ఫండులో వేసి, ఏడాదిన్నర పాటు నెలనెలా ఇండెక్సు ఫండులోకి మారేలా పెట్టాం. ఖాతా ఆమె ఫోనులో ఉంది, పాస్‌వర్డు నాకు చెప్పలేదు. ఎన్‌పీఎస్ సంగతి ఈసారి జీతం పెరిగినప్పుడు చూస్తాను.

ప్లాటు వద్దని బ్రోకరుకు చెప్పాను. తనఖా ప్లాట్ల జాబితా అడిగినప్పటి నుంచి అతను కూడా పెద్దగా ఫోను చేయడం లేదు.

కోట జంక్షన్ గారూ, భూమి మీద నాకు కోపం లేదు. నెల్లిమర్ల దగ్గర మా నాన్నగారి భూమి ఎకరం ఇరవై సెంట్లుంది. నాకు, అన్నయ్యకు, చెల్లికి ఉమ్మడిగా. పాస్‌బుక్కు ఇంకా నాన్నగారి పేరే, ఆయన పోయి చాలాకాలమైంది. రిటైరయ్యేలోపు దాన్ని తేల్చుకోవాలి. దస్తావేజు గారూ, ఎక్కడ మొదలుపెట్టాలి?


కోట జంక్షన్
శుక్రవారం, రాత్రి 9:03

విమానం నెత్తి మీదుగా ఎగిరినప్పుడు నన్ను తలచుకోండి. ఆ నెల్లిమర్ల భూమి మాత్రం ఎవరికీ అమ్మకండి.


దస్తావేజు
శుక్రవారం, రాత్రి 9:41

ముందు మీ నాన్నగారి మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసి పెట్టుకోండి. మీభూమి వెబ్‌సైటులో 1-బి (యాజమాన్య రికార్డు), అడంగల్ (సాగు రికార్డు) రెండూ చూడండి. విస్తీర్ణం రెండింటిలో ఒకేలా ఉందా, అనుభవదారు గడిలో ఎవరి పేరుందో చూడండి. కౌలుకు చేస్తున్నవారి పేరు ఎక్కి ఉంటే అది ముందు తేలాలి.

ఆ తర్వాత ముగ్గురూ ఒకచోట కూర్చుని ఎవరికి ఏ వైపు అన్నది ఒప్పుకోండి. చెల్లెలికి సమాన వాటా ఉంది, వద్దంటే ఆ మాట నోటితో కాదు, రిజిస్టరు దస్తావేజుతో చెప్పాలి. సర్వేయరు చేత కొలిపించి, హద్దులు వేయించి, ఆ పటం జత చేసి పంపకం దస్తావేజు రిజిస్టరు చేయించండి. మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) అయ్యాక మూడు పాస్‌బుక్కులు విడివిడిగా వస్తాయి.

ఇంకొక లెక్క. విజయనగరం జనాభా లక్ష దాటి పది లక్షల లోపు ఉంది కాబట్టి, పట్టణ హద్దు నుంచి నేరుగా గాలి దూరం 6 కిలోమీటర్లు దాటిన సాగు భూమి అమ్మితే మూలధన లాభం పన్ను ఉండదు. నెల్లిమర్ల నగర పంచాయతీకి కూడా దాని లెక్క దానికుంది. మీ సర్వే నంబరు ఏ హద్దు నుంచి ఎంత దూరమో తహసీల్దారు ఆఫీసులో రాయించుకుని ఫైల్లో పెట్టుకోండి, ఇప్పుడు అమ్మకపోయినా సరే. సోమవారం పదకొండు తర్వాత వస్తే ఖాళీగా ఉంటాను. మీ అన్నయ్యను కూడా తీసుకురండి.